ఆయాసం చూసే పని

జగిత్యాలలో నేను ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు స్వాతి కూర్చుంటుంది. ఇది రాయమని అడిగింది కూడా ఆమే. "అక్కా, కొత్తగా ఫిజియోథెరపీ చదివినోళ్లు ముగ్గురు చేరుతున్నరు. మనం చేసే పనేందో ఆళ్లకు రాసియ్యి. పుస్తకాలల్ల లేనియి రాయి" అన్నది. ఒకప్పుడు ఆమెతో ఏదైనా రాయించేది నేను, దిద్దేది కూడా నేనే. ఇప్పుడు ఆమె అడుగుతుంది, నేను రాసిస్తున్నాను. ఇందులో నాకు కొంచెం మంట ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చదవడం మీకు తేలికవుతుంది.

నా వయసు ముప్పై ఒకటి. ఈ వయసులో "నేను ఉద్యోగం చేసిన రోజుల్లో" అనడం నాకే వింతగా ఉంది. బిడ్డ పుట్టాక మానేశాను. మా ఆయన మస్కట్‌లో ఉన్నాడు. కోరుట్లలో అత్తమ్మ, నేను, పాప. అత్తమ్మకు మోకాళ్లు నొప్పి. పాలు తాగే పిల్లను ఆమె మీద వదిలి మూడు ఊళ్లు తిరిగే పని చేయలేకపోయాను. పాప పడుకున్నాక రాస్తున్నాను. లేచినప్పుడల్లా ఆపుతున్నాను. అక్కడక్కడ అతుకులు కనిపిస్తే అవి పాపవే.

పెద్దవాళ్లయిన పిల్లలు

మా సంస్థ చిన్నది. జగిత్యాలలో ఒక హాలు ఉంది. కోరుట్లలో, సిరిసిల్లలో వారానికో రోజు ఎవరిదైనా గది అడిగి తీసుకుంటాం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పెద్దవాళ్ల ఒంటి సత్తువను పరీక్షించి, దాన్ని బట్టి వ్యాయామం చెప్పడం మా పని.

పుట్టకముందో పుట్టేటప్పుడో మెదడుకు దెబ్బ తగలడం వల్ల కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే, లేదా అదుపు తప్పే స్థితి ఇది. అందరూ దీన్ని పిల్లల జబ్బు అనుకుంటారు. చిన్నప్పుడు ఎత్తుకుని ఆసుపత్రులు తిప్పుతారు, మాలిష్ చేయిస్తారు, మొక్కులు మొక్కుతారు. ఆ పిల్లలకు మీసాలొస్తాయి, పెళ్లిళ్లవుతాయి, జుట్టు నెరుస్తుంది. అప్పటికి వాళ్లను రమ్మని పిలిచే డాక్టరు ఉండడు.

మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. కానీ ముప్పై దగ్గర పడేసరికి చాలామందికి నడక తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు "జబ్బు ముదిరింది" అంటారు. నిజంగా ఏం తగ్గిందో తేల్చడానికే ఈ పరీక్ష. వాడక మూలపడిన గుండె, ఊపిరి, కండ తిరిగి వస్తాయి. ఏళ్ల తరబడి వంకరగా మోసి అరిగిన కీలుకు చేయాల్సింది వేరు. ఈ రెంటినీ వేరుచేయడం తెలియకపోతే ఈ పనిలోకి రాకండి.

పరీక్ష చూడటానికి ఏమీ ఉండదు. నడవగలిగినవాళ్లను రెండు గుర్తుల మధ్య ఆరు నిమిషాలు నడిపిస్తాం. కాస్త చురుగ్గా ఉన్నవాళ్లను మెత్తటి బీప్ శబ్దానికి తగ్గట్టు నడవమని, ఆ శబ్దం వేగం పెంచుకుంటూ పోతాం. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు చేతులతో తిప్పే పెడళ్లు ఉంటాయి. మొదలుపెట్టే ముందు నాడి చూస్తాం, ఆగగానే మళ్లీ చూస్తాం. ఎంత అలసిపోయావని అడుగుతాం. మాట స్పష్టంగా రానివాళ్లు కూడా చెప్పగలిగేలా మొహాల బొమ్మలు చూపిస్తాం, వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు.

పెద్దసారు ఈల

మా పెద్దసారు అంతకుముందు బడిలో వ్యాయామం నేర్పినాయన. మెడలో ఈల లేకుండా ఆయనను నేనెప్పుడూ చూడలేదు. పరీక్ష మొదలైందంటే ఈల ఊదేవాడు, చప్పట్లు కొట్టేవాడు, "శభాష్! ఉరుకు! ఉరుకు!" అని హాలంతా అదిరేలా అరిచేవాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ బిగుసుకునే కండరాలున్న మనిషి చెవి దగ్గర హఠాత్తుగా శబ్దం వస్తే ఒళ్లంతా ఉలిక్కిపడుతుంది. ఉన్న బిగుతు రెట్టింపవుతుంది. ఒకరోజు గొల్లపల్లి నుంచి వచ్చిన కుర్రాడు ఈల వినగానే కట్టెలా బిగుసుకుని పక్కకు పడ్డాడు. నేను పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

"సార్, ఈల వద్దు. మెల్లగా మాట్లాడదాం" అన్నాను.

"ముప్పై ఏండ్లు పోరగాళ్లను ఉరికిచ్చిన. ఎట్ల ఉరికియ్యాల్నో నువ్వు జెప్తవా బిడ్డా?"

"వీళ్లు ఉరికేది మీ కోసం కాదు సార్, భయానికి."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఈల మెడలోంచి తీసి జేబులో వేసుకున్నాడు. అయినా ఎవరైనా నడక మొదలుపెట్టగానే ఆయన చేయి జేబు మీదికి పోయేది, మళ్లీ వెనక్కి వచ్చేది. ఇంతకంటే మంచి మనిషి కింద నేను పనిచేయలేదు. పరీక్షలు చేయడానికి మాత్రం ఆయన అస్సలు పనికిరాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. మీకూ అలాంటి పెద్దవాళ్లు దొరుకుతారు. మొహమాటపడకుండా చెప్పండి.

స్వాతి చేరిన కొత్తలో ఆమెకూ ఆయనతో ఇలాంటి గొడవేదో జరుగుతుందని చూశాను. ఏమీ జరగలేదు. చేరిన వారానికే ఆయన ఆమెను "బుజ్జమ్మా" అని పిలవడం మొదలుపెట్టాడు. నన్ను మాత్రం చివరిదాకా "మేడం" అన్నాడు, కోపం వస్తే "బిడ్డా" అన్నాడు.

భూలక్ష్మికి దమ్మొచ్చింది

కోరుట్లలో భూలక్ష్మి అని ఒకామె ఉండేది. నాకంటే పెద్దది. చక్రాల కుర్చీలో వాళ్లమ్మ తీసుకొచ్చేది. పుట్టినప్పటి నుంచి ఆమె నీళ్ల చెంబు కూడా ఎత్తలేదు. ఎత్తనివ్వలేదు. చేతుల పెడళ్లు తిప్పించాం. కాసేపటికి మొహం ఎర్రబడింది, నోరు తెరిచి గాలి పీలుస్తోంది. వాళ్లమ్మ వచ్చి నా చేయి పట్టుకుంది.

"ఆపుండ్రి మేడం! పానం పోతది! చూడుండ్రి ఎట్ల ఎగపోస్తుందో!"

భూలక్ష్మి తల అడ్డంగా ఊపుతూ, పెడళ్లు వదలకుండా, ముక్కలు ముక్కలుగా అన్నది: "నువ్వు... ఊకో... అమ్మా. నాకు... దమ్ము... అచ్చింది."

ఆపాక చాలాసేపు నవ్వింది. ఆమెకు జీవితంలో మొదటిసారి ఆయాసం వచ్చింది. మనం మెట్లెక్కినా, బస్సు వెంట పరుగెత్తినా వచ్చేదే. ఆమెను అంత ప్రేమగా పెంచారు, ఆయాసం కూడా దగ్గరికి రానివ్వలేదు.

దీన్నుంచి నేను నేర్చుకున్నది ఒకటే. పరీక్షకు ముందు ఇంటివాళ్లను కూర్చోబెట్టి, ఆయాసం అంటే ఏమిటో, అది ఎందుకు మంచిదో, ఎప్పుడు ఆపుతామో చెప్పాలి. లేకపోతే మీరు కొలిచేది మనిషి సత్తువ కాదు, వాళ్లమ్మ భయం.

శ్రీకాంత్

ఇక అసలు విషయం. సిరిసిల్లలో శ్రీకాంత్ అని ఒకతను. నెలలు నిండకుండా పుట్టాడు. రెండు కాళ్లూ బిగుసుకుని ఉంటాయి. చేతికర్రతో, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ నడుస్తాడు. కార్ఖానాలో మిషను మీద కండెలకు నూలు చుట్టి, వాటిని సాంచాల దగ్గరికి మోసి ఇవ్వడం అతని పని. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. భార్య రజిత ఇంట్లో బీడీలు చేస్తుంది. ఇద్దరూ ప్రేమించుకుని పెళ్లి చేసుకున్నారు.

అప్పుడు నాకు ఏడో నెల. వాళ్లు వచ్చిన రోజు అతను కుర్చీలో కూర్చుని బూటు పట్టీ వేసుకోవడానికి తిప్పలు పడుతుంటే, రజిత కింద కూర్చుని పట్టీ లాగింది.

"ఏందయ్యా, గింత వయసొచ్చింది, బూటు గూడ ఏసుకోరాదు?"

"ఏసుకునేటోన్నే. నువ్వు ఆగుతవా?"

"నువ్వు ఏసుకునేసరికి మేడం కాన్పు గూడ అయితది."

ముగ్గురూ నవ్వారు, స్వాతితో సహా. నాకు నవ్వు రాలేదు. మా ఆయన సెలవు మరోసారి వాయిదా పడిందని ముందురోజే ఫోన్లో చెప్పాడు. తిట్టడానికి ఒక మనిషి ఎదురుగా ఉండటం ఎంత పెద్ద వైభోగమో ఆమెకు తెలియదు.

తర్వాత రజిత తన బాధ చెప్పుకుంది. "మా మరిది ఉన్నన్నొద్దులు బండి మీద దింపేటోడు మేడం, మల్ల పొద్దూకి తీస్కచ్చేటోడు. తమ్ముడే అయినా తండ్రిలెక్క జూసుకున్నడు. ఆయిన పనిజేసే కాడ సాంచాలు బందైనయని దుబాయ్ పాయె. గప్పటిసంది ఈయిన నడుసుకుంట పోతుండు. కార్ఖానకు పోయేసరికే సగం పానం పోతుంది. రెండు మాట్ల పడ్డడు. సాంచాల ఆసామి తిట్టని రోజు లేదు, కండెలందక సాంచాలు ఆగుతున్నయని. ఆర్‌ఎంపీ డాక్టర్‌కు చూపిస్తె, నరాలు సచ్చినయి, ఇగ ఏడాదైతే మంచంలనే అన్నడు."

"మరి ఏం చేద్దామనుకుంటున్నారు?"

"కువైట్ పోత. ఇండ్లల్ల పనికి. ఏజెంట్ వీసా ఉన్నదంటుండు. ఈయిన నడక పోయేదే అయితే, ఇంట్ల ఒకలన్న సంపాయించాలె గదా. మీరు చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. పోతదంటె పోత, పోదంటె ఉంట."

శ్రీకాంత్ కిందికి చూస్తూ చేతికర్ర కొసతో నేల గీకుతున్నాడు.

అంటే ఆరోజు నేను చెప్పే మాట మీద ఒక సంసారం ఆధారపడి ఉంది. ఆ మాట చెప్పడానికి నాకున్నది ఆరు నిమిషాల నడక, ఒక నాడి. ఒక్క క్షణం, పోనీ, కువైట్ పోతే పోనీ, మా ఇల్లు ఎలా ఉందో వీళ్లకూ తెలుస్తుంది అనిపించింది. మీకు కూడా ఇలాంటివి అనిపిస్తాయి. అనిపించినప్పుడు చేతులు మాత్రం పద్ధతి ప్రకారం పనిచేస్తూ ఉండాలి. పద్ధతి ఉన్నది అందుకే.

మెల్లగా నడిచిన మనిషి

వంతు వచ్చేదాకా వాళ్లను బయట వరండాలో కూర్చోమన్నాం. తర్వాత పిలిచి నడిపించాం. శ్రీకాంత్ నడక చూసి స్వాతి నా వైపు చూసింది. రెండడుగులకోసారి ఆగుతున్నాడు. గోడ పట్టుకుంటున్నాడు. సగంలో కుర్చీ అడిగి కూర్చున్నాడు. మొహాల బొమ్మలు చూపిస్తే, అన్నింటికంటే అలసిపోయిన మొహం మీద వేలు పెట్టాడు. ఆర్‌ఎంపీ చెప్పిందే నిజమేమో అనుకున్నాను.

నాడి చూశాను. మొదలుపెట్టే ముందు ఎంత ఉందో దాదాపు అంతే ఉంది. నుదుటి మీద తడి లేదు. మళ్లీ చూశాను. అంతే.

నిజంగా చేతనైనంత చేసిన మనిషికి గుండె ఊరుకోదు. కాళ్లు సహకరించకపోతే నడిచింది తక్కువే కావచ్చు, కానీ ఆ తక్కువ కూడా బిగుసుకున్న కాళ్లతో లాక్కొచ్చినందుకు మామూలు మనిషి కంటే ఎక్కువ ఆయాసం రావాలి. ఇతనికి ఏమీ లేదు. పైగా స్వాతితో హాయిగా మాట్లాడుతున్నాడు, వాళ్ల కార్ఖానాలో ఎవరో పందెం కట్టి మిర్చిబజ్జీలు తిన్న కథ.

నేను స్వాతికి నాడి సంగతి చెవిలో చెప్పాను. ఆమె వెంటనే అతని వైపు తిరిగింది.

"అన్నా, గంతగనం అలసినోడివి, గింత ముచ్చట ఎట్ల పెడుతున్నవే? దమ్ము యాడ దాసినవ్?"

శ్రీకాంత్ ఫక్కున నవ్వి రజిత వైపు చూశాడు. "నన్నడుగుతవేంది? మీ వదినెనడుగు."

రజిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే జెప్పిన. మెల్లగ నడువుమన్న. బయట కూసున్నామె అన్నది, ఈళ్లు గూడ పర్సెంటేజ్ చూసేటోళ్లేనట, మంచిగ నడుస్తె పింఛన్ తీసేస్తరట. నేను కువైట్ పోయినంక ఈయినకు గా పింఛనే గదా ఆధారం. మీరు నరాలు చేత్తోని పట్టి చూస్తరనుకున్న మేడం. నడిపిచ్చేది పింఛన్‌కనుకున్న."

మన దగ్గర వికలాంగులకు తెలిసిన పరీక్ష ఒక్కటే. సర్టిఫికెట్ మీద శాతం వేసే పరీక్ష. అందులో ఎంత తక్కువ చేయగలిగితే అంత మంచిది. ఏళ్ల తరబడి అలా అలవాటైన మనుషుల ముందు మనం వెళ్లి "మీకు చేతనైనంత నడవండి" అంటే వాళ్లు ఎందుకు నడుస్తారు? ఆ రోజు నుంచి, వాళ్లు వచ్చీ రాగానే కూర్చోబెట్టి నేను చెప్పే మొదటి మాట ఇదయ్యింది: ఇది పింఛన్ పరీక్ష కాదు, ఈ లెక్క ఏ ఆఫీసుకూ పోదు, ఇది మీకు, మాకు మాత్రమే. వరండాలో కూర్చున్నప్పుడే చెప్పాలి. ఆలస్యమైతే పక్కన కూర్చున్నవాళ్లు మీకంటే ముందు ఇంకేదో చెప్పేస్తారు.

నాడి పట్టుకున్నది నేను. నిజం రాబట్టింది స్వాతి. ఇంటికెళ్లేటప్పుడు బస్సులో ఇదే ఆలోచించాను. నేను అడిగి ఉంటే, "మీ నాడికి, మీరు చెప్పేదానికి పొంతన లేదు" అని ఉండేదాన్ని. అతను తలవంచుకుని ఉండేవాడు. అన్నా అనడం, "దమ్ము యాడ దాసినవ్" అనడం నాకు రాదు. నేర్చుకుందామన్నా రాలేదు.

రెండో నడక

అన్నం తిననివ్వకుండా, బాగా కూర్చోబెట్టి, మళ్లీ నడిపించాం. ఈసారి పింఛన్ భయం లేదు. నేను అతని బలహీనమైన వైపు, ఒక అడుగు వెనక నడిచాను. పక్కన నడవకూడదు. పక్కన నడిస్తే మన వేగం అతనికి అంటుకుంటుంది. రజిత ఆ చివర గుర్తు దగ్గర నిలబడింది.

కర్ర టకటకమని కొడుతూ వెళ్లాడు. మొదటిసారికంటే చాలా ఎక్కువ నడిచాడు. కానీ తొందరగానే రొప్పసాగాడు. నాడి పరుగెత్తింది. ఎక్కడ నొప్పి, ఏది ముందు ఆగిపోయింది అని అడిగితే, కాళ్ల వైపు కాదు, ఛాతీ వైపు చూపించాడు.

"కాళ్లకంటే ముందు ఊపిరి అయిపోయింది" అని రజితకు చెప్పాను. "నరాలు చావలేదు. మీ మరిది బండి మీద తిప్పినన్ని రోజులు ఇతని గుండెకు పని లేదు. ఇప్పుడు ఒక్కసారిగా పని పడింది, అందుకే తట్టుకోవట్లేదు. మూడు నెలలు మేం చెప్పినట్టు చేస్తే తిరిగి వస్తుంది."

"అంటె మా మరిది తప్పా మేడం?"

శ్రీకాంత్ ఇంకా రొప్పుతూనే అన్నాడు: "ఆడు మంచిగనే జూసుకున్నడు. గని నన్ను మనిషిలెక్క కాదు, మూటలెక్క మోసిండు."

రోజూ ఎంత నడవాలో, ఎక్కడ ఆగాలో, కుర్చీలోంచి చేతులు పెట్టకుండా ఎలా లేవాలో నేర్పాం. ఆసామితో నేనే ఫోన్లో మాట్లాడాను. "మూడు నెలలు చూస్త మేడం. అటెన్క సాంచాలు ఆగితే నేను ఆగ" అన్నాడు. ఏజెంటు మాత్రం, వీసా ఆమె కోసం కూర్చోదని రజితకు చెప్పాడట. మూడు నెలల తర్వాత మళ్లీ నడిపించి చూడాలి. ఆ నడక మీదే ఆమె ప్రయాణం ఉంటుందో లేదో తేలాలి.

ఆ నడక నేను చేయించాలనుకున్నాను. దానికంటే ముందే నా కాన్పు వచ్చింది.

తెలిసిన తల్లి

ఇది పనికి సంబంధించింది కాదేమో, కానీ ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలకు ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను. నా బిడ్డ పిడికిలి మూస్తే, బొటనవేలు లోపలుందా బయటుందా అని చూస్తాను; లోపలే ఉండిపోతే అది బిగుతుకు ఒక గుర్తు. బట్ట మార్చేటప్పుడు తొడలు విప్పుతూ, బిగుతు ఉందా అని వేళ్లతో వెతుకుతాను. చప్పుడైతే ఉలిక్కిపడుతుంది. పిల్లలందరూ ఉలిక్కిపడతారు. నాకు మాత్రం పెద్దసారు ఈల గుర్తొస్తుంది. డాక్టరు రెండుసార్లు చూసి ఏమీ లేదన్నాడు. మూడోసారి వెళితే, "మీరు ఫిజియోనా?" అని అడిగి నవ్వాడు.

"పొల్లను అట్ల పిసుకుతవేంది బిడ్డా, పిండి ముద్దనా?" అంటుంది అత్తమ్మ. పక్కింటామె తన కొడుకును ఎత్తుకుని, కాళ్లు ఎలా వేలాడితే అలా వేలాడనిచ్చి, ఫోన్ మాట్లాడుకుంటూ తిరుగుతుంది. ఏమీ తెలియని తల్లులు ఎంత హాయిగా ఉంటారో చూసి కళ్లలో నిప్పులు పోసుకుంటాను.

వీడియో

మూడు నెలల నడక స్వాతి చేయించింది. వీడియో తీయించి పంపింది. నేను పాపను భుజం మీద వేసుకుని చూశాను.

స్వాతి బలహీనమైన వైపు, ఒక అడుగు వెనక నడుస్తోంది. నేను నేర్పిందే. తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. శ్రీకాంత్ గుర్తు దగ్గర తిరిగే తీరు మారింది. అప్పుడు నాలుగు చిన్న అడుగులు వేసేవాడు, ఇప్పుడు కర్ర పాతి ఒక్కసారి తిరుగుతున్నాడు. ఆగలేదు, గోడ పట్టుకోలేదు. ఆరు నిమిషాలు అయ్యాక స్వాతి "ఎట్లున్నదన్నా?" అంటే మాట రాలేదు. చేయి పైకెత్తి, ఆగు అన్నట్టు ఊపాడు. ఈసారి దమ్ము ఎక్కడా దాచలేదు.

కింద స్వాతి రాసింది: ఆసామి ఉండుమన్నాడు. రజిత ఏజెంటుకు ఫోన్ చేసి రానని చెప్పింది. "వదినె ఏడుస్తుంది అక్కా, అన్న తిడుతుండు, నీ గురించి అడుగుతున్నరు."

వీడియో చివర ఇంకొంచెం ఉంది. శ్రీకాంత్ కుర్చీలో కూలబడగానే రజిత సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నీళ్లు తాగించింది. కొంగుతో నుదురు, మెడ, చెవుల వెనక తుడిచింది. అతను ఊపిరాడక ఆమె చేయి నెట్టేస్తున్నాడు, ఆమె వినడం లేదు. నేను నడకంతా ఒక్కసారే చూశాను. ఈ చివరి ముక్క మాత్రం మళ్లీ మళ్లీ చూశాను.

తర్వాత స్వాతికి జవాబు పెట్టాను: "నాడి చూడకముందే ఆమెను దగ్గరికి ఎందుకు రానిచ్చావు? లెక్క తప్పుతుంది."

"నిజమే అక్కా, ఈసారి చూసుకుంట" అన్నది వెంటనే.

నేను చెప్పింది సరైన మాటే. కొత్తగా చేరుతున్న మీరు ముగ్గురూ గుర్తుపెట్టుకోండి. మనిషి ఆగగానే నాడి చూడాలి. నీళ్లు, తుడవడం, ముద్దుముచ్చట్లు అన్నీ ఆ తర్వాతే. అయితే ఆ మాట పెట్టేటప్పుడు నా మనసులో నాడి లేదు. ఆ కొంగు అతని మొహం మీద అంతసేపు ఉండటం నాకు చూడబుద్ధి కాలేదు.